గుర్రం ఎన్నడూ ఎక్కనివాళ్ళు టూర్‌లో రైడ్‌కి వెళ్ళొచ్చా? మా ఇంట్లో తెగడం లేదు, మీరు చెప్పండి

వడ్డేపల్లి_కట్ట:
బతుకమ్మ, దసరా సెలవుల్లో మేం రెండు కుటుంబాలం కలిసి ఊటీ, కొడైకెనాల్ పోతున్నాం. పిల్లలు గుర్రం ఎక్కుతామని ఇప్పటి నుంచే ఒకటే పోరు. పెళ్ళిలో మా ఆయన బారాత్ గుర్రం మీద కూర్చున్నది తప్ప మాలో ఎవరికీ గుర్రం అలవాటు లేదు. గంట సేపు రైడ్ ఉంటుంది, గుర్రం మనిషి తాడు పట్టుకొని పక్కనే నడుస్తాడు, కొత్తవాళ్ళకే పెట్టిన రైడ్ అని హోటల్ వాళ్ళు చెప్తున్నారు. మా మరిది మాత్రం అసలు వద్దంటాడు. నేర్చుకోకుండా ఎక్కితే మనకూ ప్రమాదమే, ఆ మూగజీవానికీ హింసే అని ఆయన మాట. మా ఆయన అవన్నీ కొట్టిపారేస్తున్నాడు. ఈయన బరువు 90 దాటింది, మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, అయినా ఆమె కూడా ఎక్కుతానంటోంది. ఊరికే పోండి, వద్దు అని కాకుండా ఎందుకో కూడా చెప్పండి.

కాజీపేట_జంక్షన్:
పోండి అక్కా, ఇందులో ఇంత టెన్షన్ ఎందుకు? అక్కడి గుర్రాలకు ఆ దారి కంఠతా వచ్చు, ముందు గుర్రం వెనకాలే పోతాయి. పరుగు ఉండదు, నడకే. గుర్రం మామూలు నడక గంటకు ఆరేడు కిలోమీటర్లు, అంటే మనం కొంచెం గబగబా నడిచినంత. ఇక నేర్చుకొనే ఎక్కాలంటే మన వరంగల్‌లో ఎంతమందికి కుదురుతుంది చెప్పండి? హైదరాబాద్ పోయి నెలల తరబడి క్లాసులకు డబ్బు, టైం ఎవరి దగ్గర ఉంది? అందరికీ అందుబాటులో ఉన్నది ఈ టూర్ రైడ్ ఒక్కటే. ఒక జంతువు వీపు మీద కూర్చొని, అది ఊపిరి తీస్తుంటే కాళ్ళకు తెలియడం పిల్లలకు ఎంత గొప్ప సంగతి! భయపెట్టి దాన్ని దూరం చేయకండి.

పాకాల_పచ్చిక:
మీ మరిది చెప్పిందే సరైనది అక్కా. ఆనందం మనది, నడుం నొప్పి దానిది. లెక్క చూడండి. గుర్రం మీద వేసే బరువు, మనిషీ జీనూ కలిపి, దాని ఒంటి బరువులో 20 శాతం దాటకూడదన్నది ఈ రంగంలో చాలామంది పాటించే లెక్క. కొండ ఊళ్ళలో టూరిస్టులను ఎక్కించే తట్టు గుర్రం చిన్నది, ఇంచుమించు 250, 300 కేజీలు ఉంటుంది. అంటే 50, 60 కేజీలు, అందులో జీనే ఎనిమిదీ పదీ. 90 కేజీల బావగారు దాని మీద కూర్చుంటే ఇంకేం మిగిలింది? మన దేశంలో 1965లోనే బరువు మోసే జంతువులకు రూల్స్ పెట్టారు: తట్టు గుర్రం వీపు మీద 70 కేజీలు, గాడిద మీద 50, కంచరగాడిద మీద 200, అంతకు మించొద్దని. రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి పని చేయించొద్దు, విశ్రాంతి లేకుండా ఐదు గంటలు దాటొద్దు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పనికి పెట్టొద్దు అని కూడా ఉంది. ముళ్ళున్న కళ్ళెం వాడటమూ నేరమే. సీజన్‌లో టూరిస్టుల క్యూ ఉన్నప్పుడు ఇవన్నీ ఎవరు చూస్తున్నారు? అడిగేవాళ్ళు లేరు కాబట్టే నడుస్తోంది.

కరీంనగర్_సాల:
మాది గుర్రాలు పెంచే ఇల్లు, మా తాత కాలం నుంచి పెళ్ళిళ్ళకు పంపుతున్నాం. ఇద్దరు చెప్పిందీ చదివాను. నా మాట ఏమిటంటే, ఇక్కడ ఎక్కే మనిషి కొత్తవాడా పాతవాడా అన్నది రెండో ప్రశ్న, గుర్రాన్ని తెచ్చినవాడు ఎవడన్నదే మొదటి ప్రశ్న. రౌతు కొద్దీ గుర్రం అంటారు, కానీ కొత్తవాళ్ళ విషయంలో అది వర్తించదు, ఎందుకంటే అక్కడ రౌతు పైన కూర్చున్నవాడు కాదు, కింద తాడు పట్టుకున్నవాడు. అతను మంచోడైతే ఏమీ రానివాళ్ళు కూడా నిశ్చింతగా వెళ్ళి రావచ్చు. కాకపోతే నేర్చుకున్నవాళ్ళకు కూడా ఆ గుర్రం మీద భద్రత లేదు.

మంచోడో కాదో ఎట్లా తెలుస్తుంది అంటారా, రేటు మాట్లాడక ముందు గుర్రం దగ్గర కాసేపు నిలబడి చూడండి. చెవులు ముందుకు గానీ పక్కలకు గానీ వదులుగా ఉంటే, వెనక కాలు ఒకటి కొద్దిగా మడిచి నిలబడితే అది నెమ్మదిగా ఉన్నట్టు. చెవులు రెండూ వెనక్కి మెడకు అతుక్కుపోయినట్టు పెట్టి, తోక విసురుతుంటే దాని జోలికి పోవద్దు, పిల్లలను అసలే పంపొద్దు. జీను కింద దుప్పటి కొంచెం ఎత్తి చూపించమనండి. అక్కడ పుండు గానీ, వెంట్రుక రాలి నున్నగా అయిన మచ్చ గానీ ఉంటే వెనక్కి వచ్చేయండి, డబ్బులు ఇచ్చి ఉన్నా సరే. ఎత్తి చూపించనన్నా అంతే. డెక్కలు చూడండి, పగుళ్ళు లేకుండా, లాడాలు కదలకుండా ఉండాలి. నోటి మూలల్లో కళ్ళెం కోసిన గాయాలు కనిపిస్తాయి, అవి దాచలేరు.

తర్వాత తంగు, అంటే జీను కదలకుండా గుర్రం పొట్ట కింద నుంచి బిగించే పట్టీ. గుర్రాలు చాలామటుకు తంగు బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తాయి, నాలుగు అడుగులు వేశాక గాలి వదిలితే తంగు వదులవుతుంది, అప్పుడు జీను పక్కకు జారి మనిషి కింద పడతాడు. మంచి గుర్రం మనిషి కాస్త నడిపించి మళ్ళీ బిగిస్తాడు, ఆ తర్వాతే ఎక్కిస్తాడు. ఈ ఒక్క పని చేశాడా లేదా చూస్తే అతని పనితనం మీకే అర్థమవుతుంది. ఎడమ వైపు నుంచి, రాయి మీదనో గట్టు మీదనో నిలబెట్టి ఎక్కించాలి, నేల మీద నుంచి ఎగబాకితే గుర్రం వెన్ను మెలిపడుతుంది, జీను కూడా పక్కకు లాగుతుంది. రికాబులు, అంటే జీనుకు రెండు పక్కలా వేలాడే, పాదాలు పెట్టే కడియాలు, మీ కాళ్ళ పొడుగుకు సరిచేయాలి. పాదం ముందు భాగమే రికాబులో ఉండాలి, మడమ కిందికి దింపాలి. పాదం పూర్తిగా లోపలికి దూరిపోతే, పడినప్పుడు కాలు ఇరుక్కొని గుర్రం ఈడ్చుకుపోతుంది, అసలు ప్రమాదం అదే. అందుకే చెప్పులతో ఎక్కొద్దు, చిన్న మడమ ఉన్న బూట్లే మేలు. చున్నీలు ముడేసుకోండి, రెపరెపలాడితే గుర్రం బెదురుతుంది. ప్లాస్టిక్ కవర్ చప్పుడు, ఉన్నట్టుండి గొడుగు తెరవడం, సెల్ఫీ స్టిక్ కూడా అంతే. పగ్గం చేతికి చుట్టుకోవద్దు. గుర్రం ఎత్తు ఎక్కుతుంటే ముందుకు వంగండి, పల్లం దిగుతుంటే కొంచెం వెనక్కి ఒరగండి, భయమేస్తే జూలు పట్టుకోండి, దానికేం నొప్పి కాదు.

ఇంకో సంగతి. అక్టోబర్‌లో తమిళనాడు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. బురదలో ఏటవాలు దారి అంటే ఎంత మంచి గుర్రమైనా జారుతుంది. ఆ రోజు వాన పడితే మానుకోండి.

పాకాల_పచ్చిక:
అన్నా, మీరు చెప్పిన జాగ్రత్తలు బాగున్నాయి. కానీ ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దు. బారాత్‌లో డీజే చప్పుడు, పటాకులు, జనం ఈలలు, వీటి మధ్య గంటల తరబడి గుర్రాన్ని నిలబెట్టేవాళ్ళు జంతువు బాగోగుల గురించి చెప్తే ఎట్లా నమ్మాలి? ఇంకా, మీరు చెప్పినవన్నీ చూసుకునే బాధ్యత టూరిస్టు మీద ఎందుకు? పిల్లలు ఏడుస్తుంటే, టైం అయిపోతుంటే ఎవరూ దుప్పటి ఎత్తి చూడరు. అందుకే ఎక్కకపోవడమే మంచిది అంటాను.

కరీంనగర్_సాల:
అడగాల్సిందే తమ్మీ, తప్పేం లేదు. డీజే ఉందంటే మేం బుకింగ్ తీసుకోం, చాలామంది తీసుకుంటారు, అది తప్పే. బారాత్ గుర్రాన్ని చూసి మొత్తం గుర్రాల పనిని తప్పు పట్టకండి. రైడ్ గుర్రానికి నడక ఉంటుంది, గాలి ఉంటుంది, సరిగా చూసుకుంటే అది కట్టేసి ఉంచడం కంటే మేలు. గుర్రం నడవడానికి పుట్టిన జీవం. మీరు టూరిస్టు మీద బాధ్యత ఎందుకన్నారు, నిజమే, కానీ డబ్బులు ఇచ్చే చెయ్యి అడిగితేనే అవతలివాడు మారతాడు. పుండున్న గుర్రాన్ని పది మంది వద్దని వెళ్ళిపోతే పదకొండో రోజు ఆ గుర్రానికి సెలవు దొరుకుతుంది. అందరూ ఎక్కడమే మానేస్తే దానికి ఉలవలు ఎవరు పెడతారు? సంపాదన లేని గుర్రం ఎక్కడికి పోతుందో మాకు తెలుసు.

అట్లాంటా_ఓరుగల్లు:
నేను ఉండేది అమెరికాలో, మా అమ్మానాన్న వచ్చినప్పుడు ఇక్కడ ఇట్లాంటి రైడ్‌కే తీసుకెళ్ళాను. ముందుగా అడిగింది బరువు, వయసు. మెషీన్ మీద నిలబెట్టి చూశారు. హద్దు దాటితే ఎంత బతిమాలినా ఎక్కించరు, అందరి ముందే చెప్పేస్తారు. ఆ బరువుకు సరిపోయే గుర్రాన్ని తెచ్చారు, హెల్మెట్ లేకుండా జీను ముట్టుకోనివ్వలేదు, ప్రమాదం ఉందని తెలిసే వస్తున్నాం అని సంతకం కూడా పెట్టించుకున్నారు. కాబట్టి కొత్తవాళ్ళు ఎక్కొద్దు అన్న మాట నేను ఒప్పుకోను, కాదు అని చెప్పగలిగే గైడ్ ఉంటే ఎక్కొచ్చు. మన దగ్గర ఎవరొచ్చినా ఎక్కించేస్తారు, బాధ అక్కడే. హెల్మెట్ అడుగుతూ పోండి. అక్కడ లేకపోతే పిల్లల సైకిల్ హెల్మెట్లు సంచిలో పెట్టుకోండి. స్వారీ హెల్మెట్ తల వెనక భాగాన్ని ఇంకా బాగా కప్పుతుంది, అంత కాకపోయినా ఉట్టి తల కంటే నయం. బైక్ హెల్మెట్ వద్దు, బరువుకు మెడ మీద పడుతుంది, పక్కలు కనపడవు, గైడ్ మాట వినపడదు. టూర్ ఇన్సూరెన్స్ తీసుకుంటే గుర్రపు స్వారీ అందులో ఉందో లేదో చదవండి, సాహస క్రీడల కింద తీసేసే పాలసీలు చాలా ఉంటాయి.

కాజీపేట_జంక్షన్:
పచ్చిక గారూ, ఆ కొండల్లో గుర్రం అంటే ఒక ఇంటికి పొయ్యి వెలగడం. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దగ్గర బైసరన్‌లో దాడి జరిగినప్పుడు టూరిస్టులను కాపాడబోయి చనిపోయింది గుర్రం నడిపే సయ్యద్ ఆదిల్ హుస్సేన్ షానే కదా. ఆ మనుషులను అందరినీ జంతువులను హింసించేవాళ్ళ కింద జమకట్టేయడం నాకు నచ్చలేదు. 70 కేజీల లెక్క మాత్రం ఒప్పుకుంటున్నాను, నేను దాని గురించి ఆలోచించలేదు. బావగారు దిగి నడిస్తే సరి, పక్కన నడుచుకుంటూ ఫోటోలు తీయొచ్చు.

పాకాల_పచ్చిక:
ఆదిల్ గారి మీద నాకు గౌరవమే, ఆ కుటుంబాలకు సర్కారు వేరే దారి చూపించాలి అంటాను, గుర్రం వీపు చూపించి కాదు. కేదార్‌నాథ్ సంగతి తీసుకోండి, గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల పైనే ఎక్కుడు, మన వరంగల్ నుంచి పోయినవాళ్ళు కంచరగాడిద ఎక్కి వచ్చి ఎంత అలసిపోయామో చెప్తారు, మోసినదాని గురించి ఒక్కరూ చెప్పరు.

ఫిజియో_నక్కలగుట్ట:
కేదార్‌నాథ్ గంటల ప్రయాణం, చదును దారిలో ఒక్క గంట రైడ్ వేరు, రెండూ ఒకటి చేయొద్దు. అత్తమ్మగారి విషయం చెప్తాను. గుర్రం మీద కూర్చుంటే తొడలు రెండు పక్కలకు బాగా విచ్చుకోవాలి, మోకాలు మడిచి రికాబు మీద బరువు వేయాలి. మోకాళ్ళు అరిగినవాళ్ళకు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు కష్టం, నేలకు కాలు తగిలే చివరి క్షణంలో ఒంటి బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది. ఎముకలు గుల్లబారినవాళ్ళు, గర్భిణులు, వెన్ను ఆపరేషన్ అయినవాళ్ళు ఎక్కనే వద్దు. కొత్తగా ఎక్కినవాళ్ళకు మర్నాడు లోపలి తొడలు పట్టేస్తాయి, అది మామూలే. తిమ్మిరి గానీ నడుం నుంచి కాలికి గుంజుడు గానీ ఉంటే డాక్టర్‌కు చూపించాలి.

మేడారం_రోడ్డు:
అంత దూరం పోవడం ఎందుకు, మన లక్నవరం దగ్గర, రామప్ప చుట్టూ ఇట్లాంటిది పెడితే బాగుండదా? 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. కాకతీయుల గడ్డ మీద గుర్రం ఎక్కడానికి ఊటీ పోవాలా?

కరీంనగర్_సాల:
పెట్టొచ్చు తమ్మీ, కానీ మన ఎండలు చూశావు కదా. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది, పచ్చిక గారు చెప్పిన 37 డిగ్రీల రూల్ ప్రకారమే మధ్యాహ్నం బంద్ పెట్టాలి. సెలవులేమో అప్పుడే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే నడిపితే నడుస్తుంది. గుర్రాలు కూడా చిన్నవి కాకుండా కాస్త ఒళ్ళున్నవి తేవాలి, మిగతా ఎనిమిది నెలలు మేపే లెక్క ముందే వేసుకోవాలి. ఏటూరునాగారం, పాకాల వైపు అభయారణ్యాలు, అటవీ శాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టలేం. ఇవన్నీ కుదిరితే మొదటి గుర్రం నేనే పంపుతా.

వడ్డేపల్లి_కట్ట:
అందరికీ థాంక్స్. మరిదికి, మా ఆయనకు ఇద్దరికీ చదివి వినిపించాను. మా ఆయన ఎక్కడు, అత్తమ్మ ఎక్కదు, ఆమె అలిగింది కానీ ఫిజియో గారి మాట విన్నది. పిల్లలు ఇద్దరికీ హెల్మెట్లు సర్దుతున్నాను. సాల అన్నా, ఒక్కటి మిగిలింది. చిన్నోడికి ఐదేళ్ళు, నేను ముందు కూర్చోబెట్టుకొని ఇద్దరం ఒకే గుర్రం మీద పోవచ్చా?

కరీంనగర్_సాల:
వద్దు చెల్లెమ్మా. జీను ఒక్కరికే కుట్టింది, ముందు కూర్చున్న పిల్లవాడికి రికాబు అందదు, గుర్రం తల వంచిందంటే మెడ మీదుగా జారిపోతాడు, వాడిని పట్టుకోబోయి నువ్వూ పడతావు. బాబును విడిగా చిన్న గుర్రం మీద, చదును చోట, గుర్రం మనిషి ఒక పక్క, మీ ఆయన ఇంకో పక్క నడుస్తూ ఒక్క చుట్టు తిప్పండి. ఎక్కే ముందు వాడి చేతితో దాని మెడ నిమిరించు. వెనక వైపు నుంచి మాత్రం పోనివ్వకు, గుర్రానికి తన వెనక సూటిగా ఉన్నది కనపడదు, ఉలిక్కిపడితే తంతుంది.