పప్పులో కలిపి పెడితే తాగుడు మానేస్తారా? డైసల్ఫిరామ్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

నర్సంపేట కోడలు:
మా ఆయన రైసు మిల్లులో హమాలీ. సాయంత్రం కూలి చేతిలో పడితే నేరుగా మద్యం దుకాణానికే. ఆదివారమైతే పొద్దుటి నుంచే కల్లు. మా ఆడపడుచు డాక్టరు చీటీ లేకుండానే ఎక్కడో తాగుడు మాన్పించే మాత్రల అట్ట కొని తెచ్చింది. మీద డైసల్ఫిరామ్ 250 అని ఉంది. పొడి చేసి పప్పులో కలిపితే ఆయనకు తెలియదట, నాలుగు రోజుల్లో తాగుడంటేనే అసహ్యం పుడుతుందట. అట్ట బియ్యం డబ్బాలో దాచాను, ఇంకా వాడలేదు. నిజంగా కోరిక పోతుందా?

కరీంనగర్ ఫార్మసిస్టు:
వాడకపోవడమే మంచిదైంది అమ్మా. చీటీ లేకుండా ఇచ్చినవాడిని ఏమనాలో తెలియడం లేదు.

కోరిక పోదు. ఈ మాత్ర కోరిక జోలికే వెళ్లదు, అది పనిచేసేది ప్రధానంగా కాలేయంలో. తాగిన ఆల్కహాల్ మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. మామూలుగా అయితే మరో ఎంజైమ్ దాన్ని వెంటనే హాని లేని ఎసిటేట్‌గా మార్చేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు. దాంతో విషం రక్తంలో పేరుకుంటుంది. తాగిన కాసేపటికే ముఖం ఎర్రగా కందిపోతుంది, గుండె దడదడలాడుతుంది, తల పగిలిపోతున్నట్లు ఉంటుంది, వాంతులు మొదలవుతాయి, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదికే రావచ్చు.

చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడవకుండా మొదటి మాత్ర వేయకూడదు. రోజూ సాయంత్రం తాగే మనిషికి మధ్యాహ్నం పప్పులో కలిపి పెడితే ఏమవుతుందో మీరే ఊహించండి.

జనగామ:
ఊహించనక్కర్లేదు, మా బావ విషయంలో చూశాను. అత్తగారు చారులో కలిపిందని ఆయనకు తెలియదు. ఒక పెళ్లి దావత్‌లో రెండు పెగ్గులకే కుప్పకూలాడు. గుండెపోటు అనుకుని ఆటోలో తీసుకెళ్లాం. డాక్టరు ఏం మందులు వాడుతున్నాడని అడిగితే ఏమీ లేవన్నాం. అత్తగారు తెల్లవారుజామున నోరు విప్పింది. బతికాడు. కానీ ఆ తరువాత చాలాకాలం ఆ ఇంట్లో అన్నం తినలేదు, హోటల్లో తిని వచ్చేవాడు. తాగుడు మాత్రం మానలేదు.

గోదావరిఖని బొగ్గుబాయి:
నేను వాడుతున్నాను, తెలిసే వాడుతున్నాను. పొద్దున టీ తాగాక నా భార్య ఎదురుగానే మింగుతాను. అది మా ఇద్దరి ఒప్పందం, డాక్టరు ముందు కుదుర్చుకున్నది. అంతకుముందు డ్యూటీ దిగిన దగ్గర్నుంచి ఇల్లు చేరేవరకూ ప్రతి మలుపులోనూ తాగాలా వద్దా అని నాతో నేనే కొట్లాడేవాణ్ణి. ఇప్పుడు ఆ కొట్లాట పొద్దున ఒక్కసారే. మాత్ర మింగానంటే ఆ రోజుకు ఇక తేల్చుకోవాల్సింది ఏమీ లేదు.

మొదట్లో నోట్లో వెల్లుల్లిలాంటి రుచి, పగలంతా మగత. మగతగా ఉందంటే కొందరికి రాత్రిపూట వేసుకోమంటారు. నాకు షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి వేళ గురించి ముందే డాక్టరుతో మాట్లాడుకున్నాను. కాలేయం పరీక్ష కూడా అప్పుడప్పుడూ చేయిస్తున్నారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే మాత్ర ఆపి రమ్మన్నారు.

దసరాకు మాత్రం చాలా కష్టమైంది. దావత్‌లో వద్దన్నా గ్లాసు చేతిలో పెడతారు. ఈ మాత్ర వేసుకుంటున్నానని చెబితే పెట్టడం మానేశారు.

కాజీపేట పాఠకుడు:
ఆసక్తి ఉన్నవాళ్లకు ఒక సంగతి. రబ్బరు పరిశ్రమలో ఈ జాతి రసాయనాలతో పనిచేసేవాళ్లకు మద్యం పడడం లేదని 1930ల్లోనే గమనించారు. తరువాత డెన్మార్క్‌లో హాల్డ్, యాకబ్సెన్ అనే ఇద్దరు దీన్ని కడుపులో పురుగులకు మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు. ఆ పైన మద్యం పుచ్చుకుని అవస్థ పడ్డారు. 1948లో ఆ వివరాలు ప్రచురించారు.

ఇంకొకటి. మాత్ర వేసుకున్నానని తెలిసినవాళ్లలో ఇది బాగా పనిచేస్తోంది. ఎవరికి అసలు మాత్ర, ఎవరికి ఉత్త మాత్ర ఇస్తున్నారో చెప్పకుండా చేసిన పరీక్షల్లో మాత్రం రెండు గుంపులకూ పెద్ద తేడా కనిపించలేదు. కారణం సులభమే, రెండు గుంపులూ భయపడ్డాయి! ఆపుతున్నది ఆ భయమే. రహస్యంగా కలిపి పెడితే భయం ఉండదు, విషం మాత్రం మిగులుతుంది. ఆడపడుచు గారికి ఇది చదివి వినిపించండి.

ప్రకృతి బాట:
ఈ కంపెనీ మాత్రల కన్నా ఆయుర్వేదంలో మంచి అరిష్టాలు ఉన్నాయి. దుష్ఫలితాలు ఉండవు. రెండూ కలిపి వాడండి.

కరీంనగర్ ఫార్మసిస్టు:
దయచేసి ఈ సలహా పాటించకండి. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి, వాటిలోనే ఆల్కహాల్ ఉంటుంది. డైసల్ఫిరామ్ మీద అవీ పడవు. కొన్ని దగ్గు సిరప్‌లు, హోమియో ద్రావణాలు కూడా అంతే. విరేచనాలకని మెట్రోనిడజోల్ కొనుక్కునే అలవాటు మన దగ్గర ఎక్కువ, దాన్నీ దీనితో కలపకూడదు, మతి చలించవచ్చు. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా జాగ్రత్తగా ఉండాలి. దెబ్బతిన్న ఎంజైమ్ కోలుకోదు, శరీరం కొత్తది తయారుచేసుకోవాల్సిందే.

ఆదిలాబాద్ పంతులు:
మా తమ్ముడికి ఇచ్చింది వేరే మాత్ర, నాల్‌ట్రెక్సోన్ 50. దాని మీద తాగినా వాంతులు, దడ రావు. తాగినప్పుడు మెదడులో హాయిని పుట్టించే ఓపియాయిడ్ గ్రాహకాలను అది మూసేస్తుందని డాక్టరు చెప్పారు. ఇప్పసారా తాగినా మునుపటి మజా లేదని తమ్ముడే అన్నాడు, సీసా సగంలోనే వదిలేయడం మొదలుపెట్టాడు. పూర్తిగా మానకముందే దీన్ని మొదలుపెట్టవచ్చు. కానీ ట్రమడాల్‌లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లకు ఇవ్వకూడదు. మొదటి వారం వికారం ఎక్కువగా ఉండింది. మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టకుండా అకాంప్రోసేట్ అని ఇంకొకటి ఇస్తారు, రోజుకు మూడుసార్లు మింగాలి, మూత్రపిండాలు బాగుండాలి.

హనుమకొండ నర్సు:
అందరూ మాత్రల గురించే మాట్లాడుతున్నారు. చెల్లీ, నాకు భయం వేసింది కల్లు అన్న మాట దగ్గర. కల్తీ కల్లులో డైజిపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్‌లాంటి మత్తుమందులు కలుపుతారు. అది తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, నిద్రలేమి, మూర్ఛలు, మతిభ్రమ వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎంతమంది ఆసుపత్రులకు వచ్చారో గుర్తుండే ఉంటుంది. సారా అయినా అంతే, మానిన మొదటి కొద్ది రోజులే ఎక్కువ ప్రమాదం. ఆ గండం దాటించడానికి వేరే మందులు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఇస్తారు. డైసల్ఫిరామ్ మాట ఆ తరువాతే.

నర్సంపేట కోడలు:
అట్ట బయటికి తీసి ఆయన ముందే పెట్టాను. చాలా కోపం వచ్చింది, అక్కా. రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న రాత్రి తనే అడిగాడు, ఆసుపత్రికి వెళితే మిల్లులో తెలుస్తుందా అని. తెలియదని చెప్పాను. సోమవారం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్దామన్నాడు. అక్కడ ఏ విభాగం? కల్లు సంగతి కూడా చెప్పాలా?

హనుమకొండ నర్సు:
మానసిక వైద్య విభాగం ఓపీ. ఎవరికీ తెలియనవసరం లేదు. కల్లు సంగతి తప్పకుండా చెప్పండి, రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఇదివరకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అన్నీ చెప్పండి. ఇంట్లో వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, ఆ అట్టతో సహా. సోమవారం వరకూ ఆయనను బలవంతంగా మాన్పించకండి. ఈలోగా ఏమైనా అడగాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు. మూర్ఛ వచ్చినా, ఏవేవో మాట్లాడుతున్నా సోమవారం దాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.