బెర్ముడా క్రూజ్‌లో అమ్మానాన్నలకు ఒంట్లో బాగోకపోతే ఎలా?

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ నుంచి):
అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి నెలన్నర అయింది. వచ్చే నెల ఇక్కడి బేయోన్ పోర్టులో ఓడెక్కి బెర్ముడా దీవికి వెళ్తున్నాం. నాన్నకు షుగర్, అమ్మకు బీపీ, మోకాళ్ల నొప్పులు. ఇక్కడికి వచ్చేటప్పుడు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం. అది అక్కడ పనికొస్తుందా? అసలు పెద్దాస్పత్రి ఉందా? నాన్నకేం చీకూచింతా లేదు, టెన్షనంతా నాదే.

జవాబు:
ఆస్పత్రి ఉందండి. బెర్ముడా రాజధాని హామిల్టన్ పక్కనే పాజెట్‌లో కింగ్ ఎడ్వర్డ్ సెవెన్ మెమోరియల్ హాస్పిటల్. దీవి మొత్తానికీ పెద్దాస్పత్రి అదొక్కటే. మీ ఓడ ఆగే డాక్‌యార్డ్ ఏమో పడమటి కొసన. ఆ ఊళ్లో స్పీడ్ లిమిట్ గంటకు 35 కిలోమీటర్లు, కాబట్టి టాక్సీలో ముప్పావు గంట వేసుకోండి. అంబులెన్స్ కావాలంటే అక్కడా 911 నంబరే. తూర్పు కొసన లాంబ్ ఫోగో అనే అర్జెంట్ కేర్ ఉంది గానీ మీకది దూరం.

బ్రిటిష్ వాళ్ల దీవి కదా, లండన్‌లోలా ఫ్రీ అనుకోకండి. బిల్లు మనమే కట్టాలి, అమెరికన్ డాలర్లు తీసుకుంటారు. ఓడలో డాక్టర్ చూసినా మీ గది ఖాతాలోనే పడుతుంది. అక్కడ కట్టేసి, రసీదులు పెట్టుకుని తర్వాత క్లెయిమ్ చేసుకోవడమే.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ కాదు, ఈమెయిల్ పెట్టి మూడు అడగండి. అమెరికా దాటి బయటికెళ్తే కవరేజ్ ఉందా? పాత షుగర్, బీపీల వల్ల ఏదైనా వస్తే ఇస్తారా? ఎయిర్ అంబులెన్స్‌కు ఎంతవరకు ఇస్తారు? మూడోదే అసలు సంగతి. పెద్ద కేసైతే విమానంలో అమెరికా తేవాల్సి వస్తుంది, ఖర్చు పదుల వేల డాలర్లలో ఉంటుంది.

ఇంకో మాట. ఎవరినైనా ఆస్పత్రిలో చేర్చారంటే ఓడ ఆగదు. మీలో ఒకరు దిగిపోయి, తర్వాత విమానంలో రావాలి. అందుకని దీవిలో ఏం చేయాలో ముందే అనుకోండి. పాస్‌పోర్టులు, వీసాలు ఎక్కడున్నాయో అందరికీ తెలియాలి.

ఇంకొకరి జవాబు:
మందుల గురించి నేను చెప్తానక్కా, దెబ్బ తిన్నాను కాబట్టి. పోయినేడాది మా అత్తయ్య మాత్రల డబ్బా పెద్ద సూట్‌కేసులో పెట్టి పోర్టులో కూలీకి ఇచ్చేశాం. మధ్యాహ్నం ఎక్కాం, పెట్టె గదికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆవిడ సాయంత్రం మాత్ర పోయింది, నాకు మా ఆవిడ చేత అక్షింతలు పడ్డాయి. మందులు చేతిసంచిలోనే పెట్టండి, నాలుగు రోజులకు అదనంగా.

బెర్ముడాలో ఫార్మసీలు మన చీటీ చూసి మందివ్వవు, అక్కడి డాక్టరే రాయాలి. గ్లైకోమెట్ అని మన దగ్గరి షుగర్ మాత్ర పేరు చెబితే ఎవరికీ అర్థం కాదు. మెట్‌ఫార్మిన్ అని, ఎన్ని మిల్లీగ్రాములో కూడా కాగితం మీద రాసి నాన్నగారి జేబులో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ఈమెయిల్ పెట్టాను. బయటి దేశాలకు వర్తిస్తుందట. పాత జబ్బు మాత్రం ఉన్నట్టుండి ముదిరితేనే, అదీ ఒక పరిమితి వరకేనట. ఎయిర్ అంబులెన్స్ కోసం క్రూజ్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకుంటున్నా. నాన్న మాత్రం అక్కడ స్కూటర్ అద్దెకిస్తారా అని అడుగుతున్నారు.

జవాబు:
ఇస్తారు. ఎడమ పక్కే నడుపుతారు కూడా, ఆయనకు గుంటూరులా ఉంటుంది. కానీ వద్దనండి. అక్కడ టూరిస్టులు ఎక్కువగా దెబ్బలు తగిలించుకునేది దాని మీద నుంచి పడే. గులాబీ రంగు బస్సులున్నాయి, ఎక్కించండి.