2009 వైట్‌హౌస్ లాటిన్ సంగీత కచేరీ పూర్తి వీడియో ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. 2009 అక్టోబర్‌లో ఒబామా ఉన్నప్పుడు వైట్‌హౌస్ పచ్చికలో వేదిక కట్టి 'ఫియెస్టా లాటినా' అని ఒక కచేరీ చేశారు, తర్వాత అది అమెరికాలోని పీబీఎస్ టీవీలో వచ్చింది. గ్లోరియా ఎస్తెఫాన్, మార్క్ ఆంథొనీ, హోసే ఫెలిసియానో, లాస్ లోబోస్, థాలియా, అవెంచురా అందరూ ఒకే వేదిక మీద. నాకు చిన్న చిన్న ముక్కలే దొరుకుతున్నాయి, పూర్తి ప్రోగ్రామ్ ఇండియా నుంచి చూసే దారి ఏదైనా ఉందా? డీవీడీ ఉన్నా పర్లేదు, కొనుక్కుంటాను.

నేను తబలా నేర్చుకుంటున్నాను, అందుకే అందులో డ్రమ్ములు వాయించిన పీట్ ఎస్కొవేడో, ఆయన కూతురు 'షీలా ఈ' (Sheila E.) భాగాలు మొత్తం చూడాలని చాలా ఆశగా ఉంది. పైగా ప్యూర్టోరికో మూలాలున్న మార్క్ ఆంథొనీ సల్సా (లాటిన్ డాన్స్ సంగీతం), అవెంచురా పాడే, డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన బచాటా అనే సంగీతం, తూర్పు లాస్ ఏంజెలెస్ మెక్సికన్ మూలాల లాస్ లోబోస్ రాక్ ఒకే రాత్రి వినే అవకాశం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది!

ఇంకో డౌట్. సల్సాలో క్లావే అని, రెండు కర్రలు కొట్టి వాయించే తాళం, రెండు బార్లలో (తాళం ఆవర్తనాల్లాంటివి) ఐదు దెబ్బలు ఉంటాయి కదా, మూడు ముందు రెండు తర్వాత, లేదా రెండు ముందు మూడు తర్వాత. చాలా పాటల్లో ఆ కర్రలు విడిగా వినిపించవు, మరి పాట ఈ రెండిట్లో ఏ వరసలో నడుస్తోందో చెవితో ఎలా పట్టుకోవాలి? పియానో వినాలా, కాంగా (చేతులతో వాయించే పొడవాటి డ్రమ్) వినాలా? వాయించేవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.