పైవాళ్ళ నీళ్ళు మా బాత్‌రూములోకి ఎగదన్నుతున్నాయి, ఖర్చు మాత్రం మాదట!

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్నాం. పైవాళ్ళు వాషింగ్ మెషీన్ వేసినప్పుడల్లా మా బాత్‌రూమ్ జాలీలోంచి నురగ నీళ్ళు పైకి వస్తున్నాయి. యాసిడ్ పోశాం, పొడి వేశాం. ఒకటి రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదలు. ఇంటి యజమాని "మీరే జుట్టు, అన్నం మెతుకులు వదిలి ఉంటారు, మీరే బాగు చేయించుకోండి" అంటున్నారు. ఏం చేయాలండి?

జవాబు: ముందు యాసిడ్ మానండి. దానికి బ్లీచింగ్ పౌడర్ తోడైతే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి ఆడని బాత్‌రూములో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక జుట్టు సంగతి. మీ జాలీలో జుట్టు అడ్డుపడితే మీరు పోసిన నీళ్ళే నిలవాలి. పైవాళ్ళ నీళ్ళు వస్తున్నాయంటే రెండు వాటాల గొట్టాలూ కలిశాక ఎక్కడో అడ్డు ఉంది. పైవాళ్ళను నీళ్ళు వదలమని, చాంబర్ల (మురుగు గొట్టం దారిలో ఉండే మూత ఉన్న తొట్ల) మూతలు తీసి చూడండి. ఇంటి పక్క చాంబర్‌లోకి నీళ్ళు రాకపోతే అడ్డు దానికి ముందే. అది నిండి, తర్వాతది ఖాళీగా ఉంటే ఆ రెంటి మధ్య. వీధి మ్యాన్‌హోల్ కూడా పొంగుతుంటే మీరూ, యజమానీ పోట్లాడుకోవడం దండగ. జలమండలి 155313కి ఫోన్ చేసి, నల్లా బిల్లు మీదున్న క్యాన్ నంబరు (మీ కనెక్షన్ ఖాతా సంఖ్య) చెప్పండి.

అడిగినవారు: చూశామండి. మొదటి చాంబర్ అంచుదాకా నిండింది, గేటు దగ్గరది ఖాళీ. మధ్యలో కానుగ చెట్టు ఉంది. పాత మట్టి గొట్టాలట.

జవాబు: అయితే వేళ్ళు దూరి ఉండే అవకాశమే ఎక్కువ. పాత గొట్టాల అతుకుల్లోంచి తడి బయటికి ఊరుతుంది, వేళ్ళు అక్కడికే వెతుక్కుంటూ వస్తాయి. వెదురు బద్దతో పొడిపిస్తే ఇప్పటికి దారి ఏర్పడుతుంది కానీ వేళ్ళు మళ్ళీ పెరుగుతాయి. ఆ ముక్క వరకు తవ్వి నాలుగంగుళాల పీవీసీ గొట్టం వేయించడమే మేలు. నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి, మేస్త్రీ కంటి అంచనాకు వదిలేయకండి. డాబా మీది వాన నీళ్ళ గొట్టం ఇదే లైనులో కలిపి ఉంటే విడదీయించండి, వానాకాలంలో సగం గొడవ దానివల్లే. సెప్టిక్ ట్యాంకు ఏదైనా ఉంటే అందులోకి మనిషిని దింపవద్దు. రక్షణ సామగ్రి లేకుండా అలా శుభ్రం చేయించడాన్ని 2013 నాటి పాకీపని నిషేధ చట్టం నిషేధించింది.

మరొకరు: ఖర్చు గురించి నేను చెబుతాను. ముందు అద్దె ఒప్పందం చదవండి, మరమ్మతుల గురించి అందులో ఏముంటే అదే ముఖ్యం. అందులో మరో మాట లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఉంది. తాను చేయించాల్సిన మరమ్మతును, తెలియజేశాక కూడా తగిన సమయంలో యజమాని చేయించకపోతే, అద్దెదారు చేయించి ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయినా మొదటి రోజే సెక్షన్లు చదివి వినిపించకండి. చాంబర్ల వీడియో పంపి, రాతపూర్వకంగా అడగండి. నిండినదీ ఖాళీదీ పక్కపక్కన కనబడితే మెతుకుల వాదన నిలవదు.

అడిగినవారు: పంపాను, మేస్త్రీని పిలుస్తామన్నారు. అంతవరకు జాలీకి బిరడా బిగించవచ్చా?

జవాబు: వద్దండి, ఆ నీళ్ళు కమోడ్‌లోంచి వస్తాయి. పని అయ్యేదాకా మెషీన్ వేయవద్దని పైవాళ్ళను అడగండి.