రీపర్‌లో మిడి లూప్: అతుకు దగ్గర డబుల్ దెబ్బ, రెండో రౌండు నుంచి ఫ్లూట్ శ్రుతి తప్పుతోంది

కరీంనగర్ కీస్:

అన్నలకు నమస్తే. యూట్యూబ్ కోసం ఒక జానపద పాటకు రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ చేస్తున్నాను. టెంపో 100, ప్రాజెక్ట్ 4/4లో ఉంది, దరువు మాత్రం తిశ్రం నడక, అంటే బీటుకు మూడు దెబ్బలు. డప్పు ఎస్‌పీడీ 20 ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద వాయించాను. దానికి యూఎస్‌బీ లేదు కదా, మిడి అవుట్ నుంచి చిన్న ఇంటర్‌ఫేస్ పెట్టి ల్యాప్‌టాప్‌లోకి తీసుకున్నాను. ఫ్లూట్ బిట్టు, కింద స్ట్రింగ్స్ రోలాండ్ ఎక్స్‌పీఎస్ 10 కీబోర్డుతో. అంతా క్లిక్ పెట్టుకునే వాయించాను.

నాలుగు బార్లు కోసి లూప్ చేద్దామంటే గొడవ మొదలైంది. ప్రతి రౌండు మొదట్లో "ధన్" అని ఒక్కటి పడాల్సింది "ధ-ధన్" అని రెండు పడుతున్నాయి. ఫ్లూట్ మొదటి రౌండు బాగుంటుంది, రెండో రౌండు నుంచి కొంచెం పైకెక్కి వినిపిస్తుంది. స్ట్రింగ్స్ ఒకదాని మీద ఒకటి పేరుకుని గుయ్యిమంటున్నాయి. టైమింగ్ తేడా అయ్యుంటుందని మొత్తం సెలెక్ట్ చేసి 1/16 గ్రిడ్‌కు క్వాంటైజ్ కొడితే (నోట్లను దగ్గరి గీత మీదికి జరపడం) దరువు పోయి గుర్రం దౌడు వచ్చింది. అన్‌డూ చేశాను.

ఇంకోటి. కోసిన ముక్క కుడి అంచు పట్టుకుని లాగితే మళ్లీ మొదటి నుంచి రావాలి కదా? నేను కోసి పడేసిన భాగమే మళ్లీ బయటికి వస్తోంది. రేపు సింగర్ వాయిస్ ఇవ్వడానికి వస్తున్నాడు, టెన్షన్‌గా ఉంది.

బీట్‌ఘర్ వరంగల్:

చివరిది నేను చెప్తా అన్నా, మిగతావి పెద్దలు చెప్తారు. రీపర్‌లో ఎస్ కొట్టి కోస్తే ముక్క మాత్రమే చిన్నదవుతుంది. లోపల పాత రికార్డింగ్ మొత్తం అట్లాగే ఉంటుంది. అందుకే లాగితే పాతది వస్తుంది. ముక్కను సరిగ్గా బార్ గీతల మీద కోసి, రైట్ క్లిక్ చేసి గ్లూ చెయ్యి. ఇప్పుడు ఆ నాలుగు బార్లే దాని సొంత ఆస్తి. తర్వాత ఎఫ్2 నొక్కి లూప్ సోర్స్ దగ్గర టిక్ ఉందో లేదో చూడు. అప్పుడు అంచు లాగితే రౌండు రౌండుకూ చిన్న గాటు కనిపిస్తుంది.

కానీ గ్లూ చేసే ముందు అసలు ఫైల్‌ను వేరే ట్రాక్‌లో కాపీ పెట్టుకుని మ్యూట్ చెయ్యి. రేపు నాలుగు బార్లు కాదు, ఎనిమిది కావాలంటారు.

గోదావరి ప్యాడ్స్:

తమ్ముడూ, టెన్షన్ పడకు. నీ కష్టాలు వేరువేరుగా కనిపిస్తున్నాయి గానీ, క్వాంటైజ్ సంగతి తప్ప మిగతా మూడింటికీ మూలం ఆ అతుకే.

తొంభైలలో మద్రాసులో ప్రోగ్రామింగ్ చేసేవాళ్ల పక్కన కూర్చునేవాణ్ణి. అటారీ 1040 ఎస్‌టీ, మెమరీ మొత్తం ఒక మెగాబైట్. మిడి సాకెట్లు మాత్రం కంప్యూటర్‌కే ఉండేవి, విడిగా ఇంటర్‌ఫేస్ కొనే పని లేదు. అప్పుడూ ఇదే గొడవ. మిడిలో శబ్దం ఉండదు. ఏ కీ ఎప్పుడు ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురే ఉంటుంది. పాట తిరిగి మొదటికి వచ్చిందన్న సంగతి సింత్‌కు, అంటే ఆ కబురు విని మోగే వాయిద్యానికి, ఎవరూ చెప్పరు. చివరగా అందిన మాట మీదే అది నిలబడి ఉంటుంది.

ముందు డప్పు. ఐదో బార్ మొదటి దెబ్బను నువ్వు క్లిక్ కంటే వెంట్రుకవాసి ముందు కొట్టి ఉంటావు. ఊపులో ఉన్నప్పుడు చెయ్యి అలాగే పడుతుంది. ఆ దెబ్బ నాలుగో బార్ చివర ఇరుక్కుంది. లూప్ తిరగ్గానే ఒకటో బార్ దెబ్బ కూడా పడుతుంది, అదే నీ "ధ-ధన్". టెంపో 100లో బీటుకు 600 మిల్లీసెకన్లు. రీపర్‌లో బీటును మామూలుగా 960 చిన్న భాగాలు చేస్తారు, వాటినే టిక్కులంటారు. 20 మిల్లీసెకన్లు ముందు పడిందంటే 32 టిక్కులన్నమాట, మామూలు జూమ్‌లో కంటికి ఆనదు. నాలుగో బార్ చివరి గీత దగ్గర బాగా జూమ్ చేసి చూడు, గీతకు ఆనుకుని సన్నటి నోటు ఒకటి ఉంటుంది. తీసెయ్యి. మొదటి బార్ దెబ్బ కూడా గీతకు ముందుంటే దాన్ని గీత మీదికి జరిపాకే కోయి, లేకపోతే దాని మొదలు అవతలే ఉండిపోతుంది.

ఫ్లూట్ సంగతి. గమకం కోసం శ్రుతిని వంచే బెండ్ లివర్ వాడావు కదా? చివరి స్వరం దగ్గర లివర్ వదిలేసే లోపు ముక్క తెగిపోయింది. పిచ్ బెండ్ -8192 నుంచి 8191 దాకా నడుస్తుంది, నడిమి సున్నా అసలు శ్రుతి. నీది ఏ 400 దగ్గరో, 500 దగ్గరో ఆగి ఉంటుంది. మళ్లీ సున్నా అన్న కబురు అందేదాకా సింత్ అక్కడే ఉంటుంది. మిడి ఎడిటర్ కింది లేన్‌లో పిచ్ ఎంచుకుని, ముక్క మొదట్లో మొదటి నోటు కంటే ఒకటి రెండు టిక్కులు ముందుండేలా ఒక సున్నా పెట్టు. నోటు గీత మీదే ఉంటే దాన్నే రెండు టిక్కులు కుడికి జరుపు, ఎవరికీ తెలియదు.

స్ట్రింగ్స్‌ది పెడల్ జబ్బు. స్వరాన్ని నిలిపి ఉంచే సస్టెయిన్ పెడల్ కబురు మిడిలో సీసీ 64 అన్న నంబరుతో వెళ్తుంది. విలువ 64 నుంచి పైకి ఉంటే తొక్కినట్టు, 63 దాకా వదిలినట్టు. నువ్వు కాలు తీసిన క్షణం కోతకు అవతల పడింది. ముక్క చివర సీసీ 64కు సున్నా పెట్టు. కంటికి దొరక్కపోతే వ్యూ మెనూలో ఈవెంట్ లిస్ట్ తెరిచి వరసగా చదువు. నాకు ఇప్పటికీ లిస్టే ఇష్టం, బొమ్మలో దాక్కున్నవన్నీ అక్కడ బయటపడతాయి.

ఇక క్వాంటైజ్. నీది తిశ్రం. బీటులో మూడు దెబ్బలు 0, 320, 640 దగ్గర ఉంటాయి. నువ్వు పెట్టిన గ్రిడ్ గీతలు 0, 240, 480, 720 దగ్గర. 320 వెనక్కి వెళ్లి 240లో కూర్చుంది, 640 ముందుకు దూకి 720లో పడింది. దౌడు రాక ఏమొస్తుంది? గ్రిడ్‌ను 1/8 ట్రిప్లెట్‌కు మార్చు. ఆ తర్వాత కూడా మొత్తం సెలెక్ట్ చెయ్యకు. సిర్ర (లావు కర్ర) దెబ్బల వరస మాత్రం తీసుకుని, క్యూ నొక్కి, స్ట్రెంగ్త్ 60 దగ్గర పెట్టు. సిటికెన పుల్ల (సన్న పుల్ల) దెబ్బలు వాయించినవి వాయించినట్టే ఉండనీ. డప్పు ప్రాణం ఆ చిన్న దెబ్బల్లోనే ఉంటుంది. వాటిని గీత మీద కూర్చోబెడితే మిషన్ వాయించినట్టుంటుంది.

లైవ్ బ్యాండ్ నిజామాబాద్:

అసలు లూప్ ఎందుకు చెయ్యాలి? చేతిలో ప్యాడ్స్ ఉన్నాయి, వాయించేవాడివి నువ్వే. పాట నాలుగు నిమిషాలు. మొత్తం వాయించెయ్. ఈ మధ్య జానపదాలన్నీ ఒక్కలాగే వినిపించడానికి ఈ నాలుగు బార్ల కాపీ పేస్టే కారణం.

గోదావరి ప్యాడ్స్:

మాట కాదనను. పాట మొత్తం వాయించగలిగితే అంతకంటే ఏం కావాలి. కానీ సింగర్ రేపొస్తున్నాడు, పల్లవి ఎన్నిసార్లు పాడతాడో ఇంకా తేలలేదు. అప్పుడు లూప్‌దే రాజ్యం. వాయిస్ అయ్యాక దరువు మీద మళ్లీ ఒకసారి మొదటి నుంచి చివరిదాకా వాయించి లూప్ తీసెయ్యొచ్చు. అందాకా నాలుగు బదులు ఎనిమిది బార్ల లూప్ పెట్టు. ఎనిమిదో బార్‌లో చిన్న ముక్తాయింపు ఒకటి వేస్తే వినేవాడికి తిరుగుతున్నట్టు తెలియదు.

డాలస్ వీణ:

ఫ్లూట్‌కు సున్నా పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పిచ్ బెండ్ ఒక్క నోటుకు కాదు, ఛానల్ మొత్తానికి వర్తిస్తుంది. చివరి స్వరం రీవెర్బ్‌లో కాక సింత్ రిలీజ్‌లోనే (కీ వదిలాక మిగిలే మోతలో) ఇంకా మోగుతుంటే, సున్నా రాగానే ఆ తోక కూడా చటుక్కున కిందికి జారుతుంది. నేను వీణ శాంపిల్స్‌తో చేసేటప్పుడు అదే సౌండ్‌ను రెండు ట్రాకుల్లో పెట్టుకుని ఒక రౌండు ఒకదానిలో, తర్వాతి రౌండు రెండోదానిలో వేస్తాను. మొదటి దాని తోక తన శ్రుతిలోనే ప్రశాంతంగా ముగుస్తుంది. నోటు నోటుకూ వేరే బెండ్ కావాలంటే 2018లో వచ్చిన ఎంపీఈ పద్ధతి ఉంది గానీ దానికి తగిన కీబోర్డు, సౌండ్ రెండూ ఉండాలి. ఈ పాటకు అంత అవసరం లేదు.

కరీంనగర్ కీస్:

అందరికీ దండాలు. గీత దగ్గర జూమ్ చేస్తే ఆ దొంగ నోటు దొరికింది, తీసేశాను. ఫ్లూట్ చివర బెండ్ 612 దగ్గర ఆగి ఉంది. సున్నా పెట్టాక సరిపోయింది, రెండు ట్రాకులు అక్కర్లేకపోయింది. ఎనిమిది బార్లు పెట్టి ముక్తాయింపు కూడా వేశాను.

ఇప్పుడే సింగర్ ఫోన్ చేశాడు. గొంతు సరిగా లేదట, పాట అర శ్రుతి దించమంటున్నాడు. మళ్లీ వాయించాలా?

గోదావరి ప్యాడ్స్:

ఎందుకు వాయించడం? అర శ్రుతి అంటే పియానో రోల్‌లో ఒక్క గడి. ఫ్లూట్, స్ట్రింగ్స్ నోట్లన్నీ సెలెక్ట్ చేసి ఒక మెట్టు కిందికి దించు, బెండ్ జోలికి పోకు, అది దానంతటదే సరిపోతుంది. డప్పు ట్రాక్‌ను మాత్రం ముట్టుకోకు. అక్కడ ఒక్కో గడికి ఒక్కో వాయిద్యం ఉంటుంది, దించావంటే డప్పు పోయి తాళాలు మోగుతాయి.