అమ్మ బొటనవేలి గోరు లోపలికి చుట్టుకుపోతోంది, మొత్తం తీయించడమే దారా?

అమ్మకు రెండు కాళ్ల బొటనవేళ్ల గోళ్లూ అంచుల దగ్గర లోపలికి వంగిపోతున్నాయండీ. కుడికాలిది మరీ ఎక్కువ. ముందు నుంచి చూస్తే గోరు గొట్టంలా చుట్టుకుపోయి, మధ్యలో చర్మాన్ని బిగించేసినట్టు కనిపిస్తుంది. రాత్రి దుప్పటి తగిలినా నొప్పితో కాలు లాక్కుంటోంది. చీము లేదు కానీ గోరు పక్కన అప్పుడప్పుడు ఎర్రగా వాస్తోంది.

బిగుతు చెప్పులు, మూలలు లోతుగా కత్తిరించడం, ఫంగస్, వంశపారంపర్యం వల్ల ఇలా అవుతుందని చదివాను. అమ్మ వదులు చెప్పులే వేసుకుంటుంది. అమ్మమ్మ గోళ్లు మాత్రం అచ్చం ఇలాగే ఉండేవి. గోరు కింద ఎముక పెరిగినా వంగుతుందట, ముందు ఎక్స్‌రే తీయించమంటారా?

గోరువెచ్చని నీళ్లలో పాదాలు నానబెట్టి, గోరును అడ్డంగా తిన్నగా కత్తిరిస్తున్నాం. కాసేపు ఉపశమనం, అంతే. చూపిస్తే డాక్టరుగారు గోరు మొత్తం తీసేద్దామన్నారు. వేరు అలాగే ఉంటే కొత్త గోరూ వంకరగానే వస్తుంది కదా! అంచు వరకే తీసి, ఆ పక్క వేరును ఫినాల్ అనే రసాయనంతో కాల్చే పద్ధతి, గోటిని మెల్లగా పైకి లేపే క్లిప్పు కూడా ఉన్నాయట. అమ్మకు షుగర్ ఉంది, పుండు మానదేమోనని నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా? క్లిప్పు తీసేశాక గోరు మళ్లీ వంగిందా? ఫినాల్ చేయించుకున్న షుగర్ పేషెంట్లకు ఎన్నాళ్లకు మానింది? చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలా, సర్జన్ దగ్గరికా? దయచేసి చెప్పండి.