కొత్త కారు వెనక సీటు కుదుపు: కారణం ఎలా తేల్చాలి?

ఇంకా మార్కెట్‌లోకి రాని ఒక ఖరీదైన కారును నడిపి లోపాలు రాసివ్వమని దాని తయారీదారులు అడిగారు. విజయవాడ, గుంటూరు మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద నడుపుతున్నాను. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ అతుకులు దాటేటప్పుడు ముందు సీట్లో ఏమీ తెలియదు, వెనక కూర్చున్నవారికి మాత్రం నడుములోకి గట్టిగా తగులుతోంది. ఇలాంటి కారు కొనేవారు కూర్చునేది వెనకే కదా! టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూశాను, సరిగ్గానే ఉంది. ఇది డాంపర్ల (కుదుపును అణిచే షాక్ అబ్జార్బర్ల) బిగువా, పక్క ఎత్తు తక్కువ ఉన్న టైర్ల వల్లనా? ఎలా తేల్చాలి?

ఇంకొకటి. వేగం 90 దాటితే కుడి అద్దం దగ్గర సన్నని ఈల. రోడ్డు మారినా అది మారడం లేదు కాబట్టి గాలి శబ్దమే అనుకుంటున్నాను. తలుపు సందులకు టేపు అంటించి చూస్తే సరిపోతుందా? మొహమాటానికి ‘బాగుంది’ అని రాయలేను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.